ఆకుల వెనక గోడ

బంతి ఎగిరి గోడ మీది ఆకుల్లోకి దూరింది. కింద పడకుండా అక్కడే ఉండిపోయింది.

"ఆయమ్మా, బంతీ!" అని సుప్రియ గుమ్మంలో నిలబడి కేక పెట్టింది.

సత్యదుర్గ ఉడికిన గుడ్ల గిన్నెలో చన్నీళ్ళు పోసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. పొద్దుటినుంచి పట్టిన వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. వాయుగుండం ఇంకా సముద్రంలోనే ఉందని టీవీలో చెబుతున్నారు. గదిలో కూర్చుని విసిగిపోయిన పిల్లలు చినుకు ఆగీ ఆగగానే సందులోకి పరుగెత్తేరు.

ఆ అంగన్‌వాడీ కేంద్రం అంటే ఒక్క రేకుల గది. దాని ముందు రెండు నులకమంచాలు వేస్తే నిండిపోయేంత సందు. సందుకి అవతల బంగారరాజుగారి ప్రహరీ గోడ. వీధిలోంచి గదికి రావాలంటే ఆ గోడ పక్కనుంచే రావాలి. పిల్లలు ఆడుకునేదీ, అన్నాలు తిన్నాక చేతులు కడుక్కునేదీ ఆ గోడ కిందనే.

గోడ అన్నమాటే గాని ఇటిక కనిపించదు. పైనుంచి కిందిదాకా పచ్చటి తీగ. కడియం నర్సరీనుంచి తెప్పించి నాటించేరు. ఐవీ అని చెప్పి ఇచ్చేరట. అది అసలు ఐవీయో, ఆ జాతిదే ఇంకోటో ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. ఐవీ తీగ అనేవాళ్ళు. చిన్న చిన్న ఆకులు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. ఎండాకాలంలో కూడా ఆకు రాల్చదు. సన్నటి వేళ్ళతో గోడని కరుచుకుని పాకుతుంది. పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ రాజోలు ఫోటోగ్రాఫర్లని వెంటబెట్టుకొచ్చి ఆ గోడ ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటారు.

సత్యదుర్గ బంతి కోసం ఆకుల్లో చెయ్యి పెట్టింది. బంతి తగిలింది గాని ఇంకాస్త లోపలికి జారింది. ఇంకొంచెం దూర్చింది. వేళ్ళకి గోడ తగలాల్సిన చోట గోడ తగల్లేదు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. చెయ్యి ఇంకా లోపలికి పోతోంది. చల్లగా, మెత్తగా ఏదో తగిలింది. పామేమోనని ఒక్కసారి చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళనిండా నల్లమట్టి. గోళ్ళ సందుల్లో తడి బురద.

పాము కాదు. మట్టి. గోడ అవతల ఉండాల్సిన మట్టి.

ఆమె రెండు చేతులతో ఆకులు విడదీసి చూసింది. తీగ కాడల వెనక గోడ అడ్డంగా పగిలి ఉంది. బీట ఒక మూలనుంచి మొదలై ఏటవాలుగా పైకి, ఆకుల చీకట్లోకి వెళ్ళిపోయింది. బీటకి పైనున్న ఇటికలు కింది ఇటికలకంటే ముందుకి వచ్చేసి ఉన్నాయి. సత్యదుర్గ మెల్లగా తల పైకెత్తింది. గోడ పైభాగం తమ రేకుల చూరు వైపు వంగి ఉంది. ఇన్నాళ్ళూ అది తీగ గుబురు అనుకుంది.

బంగారరాజుగారు కొత్త మేడ కట్టుకున్నప్పుడు వరద నీరు రాకుండా దొడ్డంతా మట్టి తోలించి మెరక చేయించేరు. ఇవతలనుంచి చూస్తే మనిషి ఎత్తు దాటిన గోడ అవతలనుంచి మోకాలెత్తు పిట్టగోడ. ఆ మట్టంతా ఇప్పుడు వానకి నాని, ఈ పాత గోడ మీద ఆనుకుని ఉంది.

వెనక పిల్లలు గెంతుతున్నారు. ఒకడు గోడ మొదట్లో కూర్చుని నత్తని పుల్లతో పొడుస్తున్నాడు.

"లోపలికి రండి," అంది సత్యదుర్గ. పిల్లలు వినిపించుకోలేదు. మళ్ళీ అంది. "అందరూ లోపలికి రండి. పరిగెత్తొద్దు. మెల్లగా రండి."

"బంతి?" అంది సుప్రియ.

సత్యదుర్గ ఆ పిల్లని చంకనేసుకుని గదిలోకి నడిచింది. పిల్ల బంతి కోసం ఏడుస్తూనే ఉంది.

*

శారద టీచరుగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసేరు. ఆవిడది ఐనవిల్లి దగ్గర వేదం చెప్పుకునే కుటుంబం. ఈ ఊరికి టీచరుగా వచ్చి చాలాకాలమైంది. గట్టిగా మాట్లాడటం ఎవరూ విన్లేదు. పిల్లలకి పాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు విచ్చుకునేది.

"ఎప్పటినుంచి ఉందో," అన్నారు.

"మట్టి తగులుతోందండి. చెయ్యి పెట్టి చూడండి."

ఆవిడ చెయ్యి పెట్టలేదు. ఆకులు వదిలేసేరు. ఆకులు మళ్ళీ దగ్గరికొచ్చి ఎప్పటిలా మూసుకుపోయాయి. అక్కడ ఏమీ లేనట్టే ఉంది.

"పిల్లల ముందు అనకు," అని గది వెనక్కి వెళ్ళి సూపర్‌వైజరుగారికి ఫోన్ చేసేరు. సత్యదుర్గకి ఇటువైపు మాటలే వినబడుతున్నాయి. "అవునండి... కాదండి, పడలేదండి... అలాగేనండి... అలాగేనండి."

ఫోన్ పెట్టేసి సత్యదుర్గ వైపు తిరిగేరు.

"వానలు తగ్గి ఎండ వస్తే వచ్చి చూస్తానన్నారు. ఈలోపల ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దన్నారు. ఈ గది బంగారరాజుగారు దయతలచి ఇచ్చింది కదా. ఇది పోతే ఊళ్ళో ఇంకోటి దొరకదన్నారు."

"పోనీ పిల్లల్ని ఇళ్ళకి పంపించేద్దామండి."

"ఏమని చెప్పి పంపిస్తాం దుర్గా? గోడ పడిపోతుందని చెబితే ఆయన గోడ మీద మనం పుకారు పుట్టించినట్టు. ఏమీ చెప్పకుండా పంపిస్తే కేంద్రం ఎందుకు మూసేరని రేపు మనల్నే అడుగుతారు."

సత్యదుర్గ చాపలన్నీ లాగి సందుకి దూరంగా గది వెనక గోడవారకి వేసింది. పిల్లల్ని ఒకరికొకరు ఒరుసుకునేలా కూర్చోబెట్టింది. గుడ్లు వలిచి పెడుతోంది గాని చెవులు బయటే ఉన్నాయి. పెంకు తీయబోతే గుడ్డులో సగం పెంకుతోపాటు వచ్చేస్తోంది. వాన మళ్ళీ మొదలైంది. రేకుల మీద చప్పుడికి ఇంకో చప్పుడు ఏదైనా వచ్చినా వినబడదు.

టీచరుగారు పాట అందుకున్నారు. రోజూకంటే గట్టిగా పాడుతున్నారు. పిల్లలు కూడా గట్టిగా పాడేరు.

సాయంత్రం తల్లులు వీధి చివర గొడుగులు పట్టుకుని నిలబడితే, సత్యదుర్గ ఒక్కొక్క పిల్లనీ చెయ్యి పట్టుకుని సందు దాటించింది. పిల్లని గదివైపు ఉంచి, తాను గోడవైపు నడిచింది. అలా నడిచినంతమాత్రాన ఏమవుతుందో ఆమెకే తెలీదు. గోడ పడితే ఇద్దరి మీదా పడుతుంది. అయినా అలాగే నడిచింది.

*

మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వెళ్ళేముందు బంగారరాజుగారి గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది.

బంగారరాజుగారికి రొయ్యల చెరువులున్నాయి. సత్యదుర్గ భర్త గంగబాబు ఆ చెరువుల మీదే పని చేస్తాడు, మేత వేయడం, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకోవడం. వరండాలో పేపరు చదువుకుంటున్న ఆయన ఆమెని చూసి పేపరు మడిచేరు.

"రామ్మా. గంగబాబు బాగున్నాడా? చెరువు మీద రాత్రంతా వానలో తడిసేడు పాపం."

"బాగున్నాడండి." సత్యదుర్గ మెట్టు కిందే నిలబడింది. దారిపొడుగునా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "గోడండి. మా వైపు గోడ పగిలిందండి. లోపల మట్టి కనపడతాందండి. పిల్లలు అక్కడే ఆడుకుంటారండి."

ఆయన విసుక్కోలేదు. గొడుగు తీసుకుని ఆమె వెంట దొడ్లోకి వచ్చేరు. పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని ఆయన తల్లి సూర్యకాంతంగారు కూర్చుని ఉన్నారు, నెత్తిన తువ్వాలు కప్పుకుని. వాన లేనప్పుడల్లా ఆవిడ అక్కడే కూర్చుని గోడ మీదనుంచి కిందికి చూస్తూ పిల్లల్ని పలకరిస్తుంటారు.

"ఏదీ?" అన్నారు బంగారరాజుగారు పిట్టగోడ మీదికి వంగి.

ఆ వైపునుంచి ఏమీ కనిపించదు. పచ్చటి పరుపు పరిచినట్టు ఆకులు. వాన నీటికి కడిగినట్టు మెరుస్తున్నాయి.

"ఇటునుంచి కాదండి. కిందికొచ్చి ఆకులు తీసి చూత్తే..."

"ఆకులు తీత్తే ఏ పాత గోడకైనా బీటలుంటాయమ్మా." ఆయన నవ్వేరు. "ఇది మా నాన్నగారు కట్టించిన గోడ. ఇప్పుడు దానికి తీగ కూడా తోడైంది. ఎన్ని వేళ్ళు దూర్చిందో చూసేవా? కుట్టేసినట్టు పట్టుకుంటాది. పడమన్నా పడదు."

"మట్టి బరువుకి..."

"ఆడుకునే పిల్లల దగ్గర ఇలాంటి మాటలు అనకూడదమ్మా. భయపడతారు." గొంతు మారలేదు. మెత్తగానే ఉంది. "ఇంకో సంగతి. ఆ తీగ కత్తెరేయించడానికి మనిషిని పిలిపిస్తాను నేను. ఇంకెవరూ ముట్టుకోవద్దు. ఒక్క ఆకు పోయినా నాకు తెలుస్తాది. సరేనా?"

"ఆయ్," అంది సత్యదుర్గ.

ఆమె గేటు దాటుతుంటే వెనకనుంచి సూర్యకాంతంగారు కొడుకుని అడుగుతున్నారు, "ఏంట్రా ఆ పిల్ల అంటోందీ?" అని. ఆయనేం చెప్పేరో వినబడలేదు.

ఆ రోజు ఆకులు విడదీసి మళ్ళీ చెయ్యి పెట్టింది. నిన్న వేళ్ళు పట్టిన చోట ఇవాళ మణికట్టు దాటి పోయింది. ఇంకోటి కూడా చూసింది. నిన్న వదులుగా వేళ్ళాడుతున్న తీగ కాడలు ఇవాళ బిగిసి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో లాగి వదిలితే తాడులా అదిరింది.

టీచరుగారికి చూపించింది. ఆవిడ ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు.

"ముట్టుకోకు దుర్గా," అన్నారు. "ఆయన వద్దన్నారన్నావు కదా. ముట్టుకోకు."

*

గంగబాబు సాయంత్రం పెందరాళే ఇంటికొచ్చేడు. కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమన్నావ్ ఆయనతో?" అన్నాడు.

"గోడ పగిలిందని చెప్పేను."

"నా దగ్గరికొచ్చి, మీ ఆవిడకి గోడ భయం పట్టుకుంది గంగబాబూ, నాలుగు రోజులు ఇంటి దగ్గరుండి చూసుకో అన్నారు. అందరి ముందూ. నవ్వుతానే అన్నారు. చెరువు మీదికి ఇంకొకణ్ణి పంపించేరు."

సత్యదుర్గ పొయ్యి దగ్గర చేప ముక్కలకి ఉప్పూ కారం పడుతోంది. చెయ్యి ఆగింది.

"నువ్వు చూసేవా ఆ గోడ?" అంది.

"నేను చూడక్కర్లేదు. పడితే పడుతుంది. అది మన గోడ కాదు."

"పిల్లలు కూడా మన పిల్లలు కాదు."

గంగబాబు తల వంచుకున్నాడు. అతను అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది.

"నాకు భయంగా ఉందే," అన్నాడు. "ఈ ఊళ్ళో ఆయన చెరువులు కాక ఏం చెరువులున్నాయి? ఆయన వద్దన్న మనిషిని ఇంకో ఆసామి రమ్మంటాడా?"

బయట గాలి లేచింది. దీపాల వేళ. కొబ్బరి చెట్లు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైంది, నేల అదిరేటట్టు.

సత్యదుర్గ ఉప్పూ కారం చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. గంగబాబు పిలుస్తూనే ఉన్నాడు. కాలవ గట్టు మీద బురదలో జారి, లేచి, మళ్ళీ పరుగెత్తింది. కేంద్రంలో ఈ వేళకి ఎవరూ ఉండరని తెలుసు. తాళం తన బొడ్లోనే ఉంది. అయినా పరుగెత్తింది.

గోడ నిలబడే ఉంది. మసక వెలుతురులో నల్లగా, ఎత్తుగా, ఆకులు గాలికి అలలు అలలుగా కదులుతున్నాయి. గోడ మొత్తం ఊపిరి తీస్తున్నట్టుంది. ఆమె సందు మొదట్లోనే ఆగిపోయింది. లోపలికి ఒక్క అడుగు వేయలేకపోయింది.

వెనకనుంచి గంగబాబు వచ్చేడు, రొప్పుతూ. "పక్కింటివాళ్ళ కొబ్బరిచెట్టే, తల విరిగి పడింది," అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే కారం తగిలి అతని చెయ్యి కూడా మండింది. గోడ వైపు చూసేడు. చాలాసేపు చూసేడు.

*

తెల్లవారింది గాని వెలుతురు రాలేదు. ముసురు. సత్యదుర్గ గిన్నెల బుట్టలో అడుగున కొబ్బరి కత్తి పెట్టి, మీద గుడ్డ కప్పింది. గంగబాబు చూసేడు. అడ్డం రాలేదు, చేతికివ్వనూ లేదు. మంచం మీదినుంచి లేచి చొక్కా వేసుకుంటూ నిలబడ్డాడు.

ఆమె బంగారరాజుగారి గేటు దాటేటప్పుడు బుట్ట రెండో చంకకి మార్చుకుంది. పిల్లలు రాకముందే పని అయిపోవాలి. ఆకులు తీసేస్తే చాలు. అప్పుడు ఎవరి మాటా ఎవరూ నమ్మక్కర్లేదు, కళ్ళకే కనబడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించలేదు. ఆలోచిస్తే వెనక్కి తిరిగిపోతానని తెలుసు.

సందు మొదట్లోకి వచ్చేసరికి లోపలనుంచి పరపరమని చప్పుడు వినబడింది. మట్టి జారుతోందనుకుని నిలబడిపోయింది. తర్వాత చూసింది.

శారద టీచరుగారు తన దగ్గరున్న రెండో తాళంతో గది తీసి, పిల్లల బల్ల బయటికి లాక్కుని దాని మీద నిలబడి ఉన్నారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కూరలు తరిగే చాకుతో తీగ కాడలు కోస్తున్నారు. కోసిన తీగ పట్టుకుని లాగుతుంటే వేళ్ళు గోడని వదలనంటూ పరపరా ఊడి వస్తున్నాయి. సున్నం పెచ్చులు ఆవిడ జుట్టునిండా పడ్డాయి. కళ్ళజోడు వానకి తడిసి ఆవిడకి ఏమీ కనిపిస్తున్నట్టు లేదు. చేతులు తడుముకుంటూ కోస్తున్నారు.

"టీచరుగారండీ!" అంది సత్యదుర్గ. "దిగిపోండి. ముందు దిగిపోండి. దాని కింద నిలబడతారా!"

ఆవిడ ఉలిక్కిపడి చూసేరు. దిగలేదు.

"నిన్న ఇంటికి వెళ్ళేక అన్నం ముందు కూర్చున్నాను దుర్గా," అన్నారు. "ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయేను. ముట్టుకోకు, ముట్టుకోకు అని నీకు చెప్పేను చూడు, ఆ మాటే వినబడుతోంది చెవుల్లో." చాకుతో ఇంకో కాడ నరకబోయేరు. అది లావుగా ఉంది, తెగలేదు. "ఈ చాకు పనికిరావటంలేదు."

సత్యదుర్గ బుట్ట కింద పెట్టి గుడ్డ తీసి కత్తి బయటికి తీసింది. టీచరుగారు ఆ కత్తిని చూసేరు, తర్వాత ఆమె మొహం చూసేరు. బల్ల దిగేరు.

గోడ బరువు పడే వైపు కాకుండా చివరనుంచి మొదలుపెట్టేరు. సత్యదుర్గ కోస్తుంటే టీచరుగారు దూరంగా నిలబడి లాగేరు. ప్రతి లాగుకీ ఇద్దరూ ఆగి గోడకేసి చూసేవాళ్ళు. ఆకుల వెనకనుంచి చీమలు, నత్తలు, పాత పిట్టగూడు ఒకటి రాలేయి. చేతులు తీగ పాలతో జిగటగా అయ్యాయి. కాసేపటికి గోడ బయటపడింది. బీట ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉంది. ఒకచోట ఇటిక లేనే లేదు, నల్లమట్టి ముందుకి ఉబ్బి ఉంది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి, సన్నగా, ఆగకుండా.

టీచరుగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

*

మొదట వచ్చింది సుప్రియ తల్లి వీరదుర్గ. సందు మొదట్లో నిలబడి గోడ చూసి, చెయ్యి వదిలించుకుని ముందుకి పరుగెత్తబోయిన పిల్లని జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. తర్వాత మిగతా తల్లులు. ఎవరూ సందులోకి రాలేదు. వీధిలోనే నిలబడి చూస్తున్నారు. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, బంగారరాజుగారు గొడుగు కింద వడివడిగా వచ్చేరు. ఆయన వెనక కాస్త దూరంలో గంగబాబు.

బంగారరాజుగారు ముందు కింద కుప్పపడి ఉన్న తీగని చూసేరు. గోడని తర్వాత చూసేరు.

"ఎవరు చేసేరమ్మా ఈ పని?" అన్నారు సత్యదుర్గతో.

ఆమె నోరు తెరిచేలోపల టీచరుగారు అన్నారు. "నేను కోసేనండి."

"మీరాండి?"

"నేనేనండి." గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ అన్నారు, పిల్లలకి పాట చెప్పే గొంతుతో. "నేనే కోసేను. పిల్లలు ఉండేచోటు కదండి."

"చదువుకున్నవారు మీరు. ఇలా చేత్తారనుకోలేదు." ఆయన తల్లుల వైపు తిరిగేరు. "పచ్చటి తీగని పాడుచేసి ఊరందర్నీ హడలగొట్టేరు. ఎన్నేళ్ళనుంచి ఉన్న గోడండి ఇది! వరదల్లో నిలబడ్డ గోడ. మీరే చూడండి, ఎంత గట్టిగా ఉందో."

ఆయన సందులోకి నడిచి, గోడని చరచడానికి అరచెయ్యి ఎత్తేరు.

చెయ్యి గోడ దాకా వెళ్ళింది. గోడకి తగలకుండా ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు. వీధంతా చూస్తోంది. వాన చినుకులు గొడుగు మీద పడుతున్నాయి. ఆయన మొహం ఎదురుగా ఉబ్బిన మట్టి ఉంది, అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. వేళ్ళు కొంచెం ముడుచుకున్నాయి. తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆయన గోడ మీదినుంచి కళ్ళు తీయకుండా ఒక అడుగు వెనక్కి వేసేరు. మరో అడుగు వేసేరు.

"ఏంట్రా రాజూ, అంతమంది చేరేరు?" పైనుంచి మాట వినబడింది. సూర్యకాంతంగారు పిట్టగోడ మీదికి వంగి చూస్తున్నారు, దాని మీద రెండు చేతులూ ఆనించి.

"అమ్మా, వెనక్కెళ్ళు!" బంగారరాజుగారి గొంతు చీలింది. ఆయన అంత గట్టిగా అరవడం ఊళ్ళో ఎవరూ విన్లేదు. "చేతులు తియ్యి! ఆనుకోకు దాని మీద! లోపలికెళ్ళిపో!"

పైన చేతులు మాయమయ్యాయి. కుర్చీ పడిన చప్పుడైంది. ఆయన అలా పైకి చూస్తూనే ఉన్నారు.

వీరదుర్గ సుప్రియని చంకకి గట్టిగా అదుముకుంది. "మీ అమ్మగార్ని లోపలికెళ్ళమన్నారు కదండీ," అంది. వెటకారం లేదు ఆ మాటలో, నిజంగానే అడిగింది. "మా పిల్లల్ని ఎక్కడికెళ్ళమంటారండీ?"

ఆయన చుట్టూ చూసేరు. గంగబాబు కనబడ్డాడు.

"గంగబాబూ," అన్నారు. "చెరువు మీదినుంచి మనుషుల్ని పిలు. తాళ్ళు తెమ్మను."

గంగబాబు వెంటనే కదల్లేదు. భార్య వైపు చూసేడు. సత్యదుర్గ చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది. అతను సందులోకి వచ్చి, ఆ కత్తి తీసుకుని, ఆమె భుజం పట్టుకుని వీధిలోకి నడిపించేడు. గోడవైపు తాను నడిచేడు. ఆ తర్వాత వెళ్ళేడు మనుషుల కోసం.

*

గోడ తేలిగ్గా పడలేదు. తాళ్ళు వేసి దూరంనుంచి లాగితే పైభాగం ఊగింది గాని రాలేదు. తీగ మిగిలి ఉన్న చోట ఇటికలు విడిపోయి కూడా కింద పడకుండా వలలో చేపల్లా వేళ్ళాడేయి. మనుషులు అరుస్తూ మళ్ళీ లాగేరు. అప్పుడు ఒక్కసారిగా వచ్చింది, ఇటికలూ తీగా మట్టీ కలిసి. సందు నిండిపోయింది. రేకుల చూరు ఒక పక్క కుంగింది. దుమ్ము లేవలేదు, అంత తడి. బరువైన చప్పుడు మాత్రం కాళ్ళలోంచి పైకి పాకింది. ఎక్కడో ఒక పిల్ల ఏడ్చింది.

ఆ సాయంత్రానికే బంగారరాజుగారు ఒక మాట మొదలుపెట్టేరు. తీగ పట్టుకుని ఉన్నన్నాళ్ళూ గోడ నిలబడే ఉంది, తీగ కోసేరు కాబట్టే కూల్చాల్సి వచ్చింది, అని. వేళ్ళాడిన ఇటికలు అందరూ చూసేరు కదా, ఊళ్ళో సగంమంది నిజమే అన్నారు. పడని గోడ పడేదని ఎవరు రుజువు చేస్తారు? సత్యదుర్గ కూడా ఒక్కోసారి ఆ మాటే తలుచుకునేది. నిజమేనేమో, ఇంకొన్నాళ్ళు పట్టుకుని ఉండేదేమో. అలా అనుకున్న ప్రతిసారీ చేతికి చల్లటి మట్టి తగిలినట్టయ్యేది.

గంగబాబుని మళ్ళీ చెరువు మీదికి పిలవలేదు. అతను బావమరిదితో కలిసి పడవ మీద వెళ్ళడం మొదలుపెట్టేడు. ఆ గది తాళాలు బంగారరాజుగారు మనిషిని పంపి అడిగి తీసుకున్నారు. కేంద్రాన్ని బడి వరండాలోకి మార్చేరు. తల్లులే చాపలూ గిన్నెలూ పలకలూ నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చేరు. ఎండ వచ్చేక సూపర్‌వైజరుగారు వచ్చి, ఎవరినడిగి కోసేరని టీచరుగారిని అందరి ముందూ నిలదీసేరు. టీచరుగారు నిలబడి అంతా విన్నారు. "ఎవరినీ అడగలేదండి," అన్నారు. పై అధికారులకి రాస్తానని సూపర్‌వైజరుగారు వెళ్ళిపోయేరు. ఏం రాస్తారో, దాని మీద ఎవరేం చేస్తారో ఇంకా తెలీదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం బడి వరండాలో పిల్లలు బారుగా కూర్చున్నారు. సత్యదుర్గ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. టీచరుగారు గుడ్లు వలుస్తున్నారు. ఆవిడ వేళ్ళకి తీగ పాలు అంటిన చోట చర్మం ఇంకా నల్లగానే ఉంది.

"సూపర్‌వైజరుగారు నిజంగా రాస్తారంటావా దుర్గా?" అన్నారు ఉన్నట్టుండి, తలెత్తకుండా.

"రాస్తారేమోనండి."

"నీకు భయంగా లేదూ?"

సత్యదుర్గ గిన్నె కింద పెట్టింది. "ఆయ్, ఉందండి. పొద్దున్న లేవగానే ఉంటాది. పడవ వెళ్ళినప్పుడు ఉంటాది. ఎవరైనా గట్టిగా తలుపు వేసినా ఉలిక్కిపడతన్నాను."

"నాకూ అంతే," అన్నారు టీచరుగారు. వలిచిన గుడ్డు సగానికి కోసి సుప్రియ కంచంలో పెట్టేరు. "ముందు వీళ్ళకి అన్నం వడ్డించు. చల్లారిపోతోంది."

సత్యదుర్గ గరిటె తీసుకుని మొదటి పిల్ల ముందు వంగింది.